కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్ల వరుసను తేల్చుకోవడం ఎలా

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో ఏ కాలేజీలోనైనా కబడ్డీ జట్టుకు ఎంపిక పెట్టారంటే మైదానానికి వచ్చిన కుర్రాళ్లలో సగానికి పైగా తాము రైడర్లమనే, అంటే ఎదుటి జట్టు వైపు కూతకు వెళ్లేవాళ్లమనే చెప్పుకుంటారు. కార్నర్‌లో, అంటే మూలన నిలబడి ఎదుటి రైడర్‌ని పట్టుకుంటానని తనంత తానుగా ముందుకొచ్చేవాడు అరుదు. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరన్న సామెత కబడ్డీ ఎంపికలకు సరిగ్గా సరిపోతుంది. ఇంతమంది రైడర్లు ఉన్నారు కదా, ఇక ఆ వైపు చూడనక్కర్లేదని పీఈటీ (వ్యాయామ) సార్లూ కెప్టెన్లూ ధీమాగా ఉంటారు. తీరా అంతర్ కళాశాల పోటీల్లో ప్రధాన రైడర్ పదో నిమిషంలో అవుటై బయట కూర్చోగానే, మిగిలినవాళ్లు ఒకరి తరువాత ఒకరు వట్టి చేతులతో తిరిగి వస్తూ ఉంటారు. బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ ఇది ఏటా కనిపించే దృశ్యమే.

మన దగ్గర కబడ్డీకి ప్రత్యేకంగా కోచ్ ఉన్న కాలేజీలు తక్కువ. అందుకని వాలీబాల్ నుంచి పరుగు పందేల దాకా అన్నీ తానే చూసుకునే పీఈటీనో, ప్లస్ త్రీ (డిగ్రీ) ఆఖరి ఏడాదిలో ఉన్న కెప్టెన్‌నో దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. రైడర్లను వరుసలో పెట్టేటప్పుడు వాళ్లు తెచ్చిన మొత్తం పాయింట్లను పక్కన పెట్టి, ఆటలో ఏ పరిస్థితికి ఎవరు పనికివస్తారో చూడాలన్నది నా అభిప్రాయం. ముఖ్యంగా రెండో రైడర్‌ని ఎంచుకోవడానికి కొలత ఒక్కటే ఉండాలి: అవుటైన మొదటి రైడర్‌ని అతను ఎంత త్వరగా మళ్లీ కోర్టులోకి తీసుకురాగలడు?

నిబంధనలను రైడర్ల కోణం నుంచి చదవాలి

పురుషుల మ్యాచ్ 20 నిమిషాల చొప్పున రెండు భాగాలుగా సాగుతుంది. మహిళలకూ సబ్ జూనియర్లకూ ఒక్కో భాగం 15 నిమిషాలు. ఒక్కో కూతకు గడువు 30 సెకన్లు. రెండు జట్లూ ఒకదాని తరువాత ఒకటి కూతకు పంపుతాయి కాబట్టి 40 నిమిషాల ఆటలో ఒక జట్టుకు సుమారుగా 40 కూతలు దక్కుతాయి. మీ ప్రధాన రైడర్ ఎంత చురుకైనవాడైనా, ఎప్పుడూ అవుట్ కాకపోయినా, వాటిలో సగానికి మించి అతని చేత చేయించడం మంచిది కాదు. చేయిస్తే రెండో భాగం వచ్చేసరికి కాళ్లు బరువెక్కి, మధ్య గీత దాకా తిరిగి రావలసిన ఆఖరి అడుగు పొట్టిదైపోతుంది. అంటే అతనికి ఎంత మంచి రోజైనా, జట్టు వెళ్లే కూతల్లో సగం వేరేవాళ్లవే. అతను అవుటై కూర్చున్న నిమిషాలను కూడా కలిపి చూస్తే వాళ్ల వాటా ఇంకా పెరుగుతుంది.

అవుటైనవాళ్లు ఏ క్రమంలో బయటికి వెళ్లారో అదే క్రమంలో లోపలికి వస్తారన్న సంగతి ఆడేవాళ్లందరికీ తెలుసు. దాని పర్యవసానం గురించి మాత్రం కొద్దిమందే ఆలోచిస్తారు. మీ జట్టులో అందరికంటే ముందు ప్రధాన రైడరే అవుటైతే, మీవాళ్లు ఎదుటి మనిషి ఒక్కణ్ని అవుట్ చేయగానే అతను తిరిగి వచ్చేస్తాడు. అదే, ముగ్గురు బయట కూర్చున్నాక నాలుగోవాడిగా అవుటైతే, నలుగురిని అవుట్ చేస్తే గాని అతని వంతు రాదు. ఆ నలుగురినీ అవుట్ చేయవలసింది కోర్టులో మిగిలిన ముగ్గురు. అందువల్ల ఏడుగురూ లోపల ఉన్నప్పుడు ప్రధాన రైడర్ సాహసం చేయవచ్చు. మనుషులు తగ్గిన కొద్దీ అతను ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడాలి, ఆ సమయంలో తెగించే పని రెండో రైడర్ తలకెత్తుకోవాలి. చాలా జట్లు దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తాయి. జట్టు చిక్కుల్లో పడగానే మైదానం చుట్టూ ఉన్నవాళ్లంతా ప్రధాన రైడర్ పేరే అరుస్తారు, అతను వెళతాడు, నాలుగోవాడిగానో ఐదోవాడిగానో బయటికి వస్తాడు, ఆ తరువాత ఏడుగురూ అవుటై ఆలౌట్ కావడానికి ఎక్కువసేపు పట్టదు.

ఇక బోనస్ సంగతి. కోర్టులో ఆరుగురు గాని ఏడుగురు గాని డిఫెండర్లు ఉన్నప్పుడు, రెండో కాలు గాలిలో ఉండగా ఒక కాలు బోనస్ గీతకు అవతల మోపితే ఒక పాయింటు వస్తుంది. ఆ పాయింటు స్కోరు బోర్డు మీదికి ఎక్కుతుంది గాని, దానివల్ల మన జట్టులో అవుటైనవాడు ఎవడూ లోపలికి రాడు. ఎదుటివాణ్ని తాకి వస్తేనో, ఎదుటి రైడర్‌ని పట్టుకుంటేనో మనవాడు లేచి వస్తాడు. అంటే ఎనిమిది పాయింట్లు తెచ్చిన రైడర్ వల్ల జట్టులోకి తిరిగి వచ్చినవాడు ఒక్కడూ లేకపోవడం కూడా సాధ్యమే. మొత్తం పాయింట్లను చూసి రైడర్లను వరుసలో పెట్టడం ఎందుకు తప్పో ఈ ఒక్క నిబంధన చాలు చెప్పడానికి.

మార్పుల విషయంలో కూడా ఒక మెలిక ఉంది. మ్యాచ్‌లో ఐదు మార్పులకు వీలుంటుంది. అయితే కోర్టులో ఉన్నవాడి స్థానంలోనే మరొకడిని దించాలి, అవుటై బయట ఉన్నవాడి బదులు ఎవరినీ పంపడం కుదరదు. ప్రధాన రైడరూ రెండో రైడరూ ఇద్దరూ బయట ఉన్నప్పుడు బెంచీ మీదున్న మూడో రైడర్‌ని దించాలంటే కోర్టులో మిగిలిన డిఫెండర్లలో ఒకణ్ని తీసేయక తప్పదు. కాబట్టి నిజంగా అక్కరకు వచ్చే మూడో రైడర్ మొదటి ఏడుగురిలోనే ఉండాలి. బెంచీ మీద ఎంతమంది ఉన్నా ఆ క్షణానికి వాళ్లు లేనట్టే. నన్నడిగితే 12 మంది జట్టులో ముగ్గురు రైడర్లు కోర్టులో, ఇద్దరు బెంచీ మీద, ఇటు కూతకూ అటు పట్టుకూ పనికివచ్చే ఆల్‌రౌండర్ ఒకడు, తక్కిన ఆరుగురూ డిఫెండర్లు ఉంటే చాలు. ఆరో రైడర్‌ని తీసుకోవడం అంటే ఒక కార్నర్‌ని ఇంట్లో వదిలేసి వెళ్లడమే.

నోటు పుస్తకం

ఎంపిక వారాల్లో ఆడే ప్రతి ప్రాక్టీసు మ్యాచ్‌నూ రాసిపెట్టాలి. ఖరీదైన ఏర్పాట్లేమీ అక్కర్లేదు, గీతలు కొట్టిన నోటు పుస్తకం ఒకటి సరిపోతుంది. ఒక్కో కూతకు ఒక్కో వరుస చొప్పున ఎవరు వెళ్లారు, అప్పుడు ఎదుట ఎంతమంది ఉన్నారు, మనవాళ్లు బయట ఎంతమంది ఉన్నారు, ఫలితం టచ్చా, బోనసా, ఖాళీయా, అవుటా, అది డూ ఆర్ డై కూతా (వరుసగా రెండు ఖాళీ కూతల తరువాత, పాయింటు తేకపోతే అవుటయ్యే మూడో కూత) కాదా అన్నవి రాయాలి. ఆ కూత వల్ల ఎవరైనా లోపలికి వస్తే అతని పేరు చివరన వేయాలి. రాసే పని పోటీలో ఉన్న రైడర్లకు గాని, వాళ్ల రూమ్మేట్లకు గాని అప్పగించకూడదు. కాలి నొప్పితో ఆటకు దూరంగా ఉన్న డిఫెండరో, అమ్మాయిల జట్టు కెప్టెనో అయితే మేలు. పుస్తకం మీద ఎవరికీ అనుమానం రాదు.

ఈ పుస్తకం ఏం చెబుతుందో చూడడానికి ఒక ఊహాలెక్క వేద్దాం. ఇద్దరు కుర్రాళ్లు తలా 12 సార్లు కూతకు వెళ్లారు. మొదటివాడు 7 పాయింట్లు తెచ్చాడు, వాటిలో 5 బోనస్‌లు, 2 టచ్‌లు. 3 సార్లు పట్టుబడ్డాడు. రెండోవాడు 5 పాయింట్లే తెచ్చాడు, ఐదూ టచ్‌లే; 2 సార్లు పట్టుబడ్డాడు. తెచ్చినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే మొదటివాడికి 4, రెండోవాడికి 3 మిగులుతాయి. ఆ లెక్కన మొదటివాడే ఒక మెట్టు పైన. కోర్టులో మనుషుల లెక్క తీస్తే కథ మారుతుంది. మొదటివాడి వల్ల లోపలికి రాగలిగినవాళ్లు ఇద్దరు, తను బయటికి వెళ్లింది మూడుసార్లు, అంటే జట్టుకు ఒక మనిషి నష్టం. రెండోవాడి వల్ల ఐదుగురు రాగలరు, తను వెళ్లింది రెండుసార్లు, అంటే ముగ్గురు లాభం. ప్రధాన రైడర్ బయట కూర్చున్నప్పుడు వీళ్లిద్దరిలో ఎవరిని పంపాలో వేరే చెప్పనక్కర్లేదు.

అలాగని బోనస్ రైడర్ దండగ అనుకోకూడదు. ఆట మొదట్లో, రెండు జట్లూ నిండుగా ఉన్నప్పుడు, లోపలికి తేవలసినవాళ్లు ఎవరూ ఉండరు. అప్పుడు అతను తెచ్చే ఒక్కో పాయింటూ టచ్ పాయింటుతో సమానమే. ఆఖరి నిమిషాల్లో ఒకటి రెండు పాయింట్ల ఆధిక్యాన్ని నిలబెట్టుకోవాలన్నా అలాంటివాడే కావాలి. ఎదుటి జట్టు ఐదుగురికి పడిపోయాక మాత్రం అతని ఆయుధం చేతిలోంచి జారిపోతుంది, ఎందుకంటే ఐదుగురి మీద బోనస్ లేదు. అతనికి జట్టులో చోటివ్వండి, రెండో స్థానం మాత్రం ఇవ్వకండి.

రెండో రైడర్‌ని దగ్గరగా చూడటం

నోటు పుస్తకంలోని అంకెలు సగం సంగతే చెబుతాయి. తక్కిన సగానికి గీత పక్కన నిలబడి చూడాలి. రెండో రైడర్ కాదగినవాడు నలుగురు డిఫెండర్ల మీదికి వెళ్లినప్పుడు ఏం చేస్తాడో గమనించండి. మధ్య గీతకు 3.75 మీటర్ల దూరంలో ఉన్న బాక్ లైన్‌ని దాటకుండా వెనక్కి వస్తే అవుట్ కాబట్టి అందరూ దాన్ని దాటుతారు. కొందరు ఒక కాలితో దాటిన వెంటనే వెనక్కి తగ్గిపోయి, మిగిలిన ఇరవై సెకన్లూ అటూ ఇటూ ఊగి ఖాళీగా వచ్చేస్తారు. పనికివచ్చేవాడు మొదటి పది సెకన్లలోనే ఒక పక్క కార్నర్‌ని రెండుసార్లు కదిలిస్తాడు, ఆ కార్నర్ బరువు ఏ కాలి మీద ఉందో చూసుకుంటాడు, కవర్ (మధ్యవైపు నిలబడే డిఫెండర్) ఎంత దూరంలో నిలబడ్డాడో కంటి కొసన ఒక్కసారి చూసుకుంటాడు, ఆ తరువాతే చెయ్యి వేస్తాడు. చెయ్యి వేసినప్పుడు అతని వెనక కాలి మడమ మధ్య గీత వైపు తిరిగి ఉందా లేదా అన్నది మీరు చూడవలసిన అసలు సంగతి. మడమ తిరగనివాడు తాకగలడు గాని తప్పించుకుని రాలేడు.

ఎదుట ముగ్గురో అంతకన్నా తక్కువమందో ఉన్నప్పుడు పట్టుబడితే అది సూపర్ ట్యాకిల్ అవుతుంది, ఎదుటివాళ్లకు ఒకటికి బదులు రెండు పాయింట్లు దక్కుతాయి. ముగ్గురే ఉన్నారు కదా, సులువని తొందరపడే కుర్రాళ్లు సరిగ్గా అక్కడే చిక్కుతారు. అందుకని ఎంపికలో ఏడుగురి మీద కొన్ని, నలుగురి మీద కొన్ని, ముగ్గురి మీద కొన్ని కూతలు ప్రతి రైడర్ చేతా చేయించి, వేరువేరుగా లెక్క తీయాలి. ఏడుగురి మీద బాగా ఆడేవాడే ముగ్గురి మీద కూడా బాగా ఆడతాడని ఏమీ లేదు.

ఎవరు ఏ వైపు నుంచి వెళతారన్నది కూడా చూసుకోవాలి. ప్రధాన రైడర్ ఎడమ పక్కనుంచి వెళ్లేవాడైతే, రెండోవాడు కుడి పక్కనుంచి వెళ్లేవాడు కావడం మంచిది. అప్పుడు ఎదుటి జట్టులోని రెండు కార్నర్లకూ తీరిక ఉండదు. ఇద్దరూ ఒకే వైపువాళ్లయితే, వాళ్లెంత గట్టివాళ్లయినా, ఎదుటి కార్నర్ ఒకడు మ్యాచ్ పొడవునా ఒకే రకం అడుగులు చూసి చూసి వాటికి అలవాటు పడిపోతాడు.

ప్రొ కబడ్డీలో కనిపించినవి

ఈ మాటలు కాలేజీ స్థాయికే పరిమితం కావు. 2017లో పట్నా పైరేట్స్ వరుసగా మూడో టైటిల్ గెలిచినప్పుడు పర్‌దీప్ నర్వాల్ ఆ సీజన్లో తెచ్చిన 369 రైడ్ పాయింట్ల గురించే అందరూ చెప్పుకున్నారు. అదే జట్టులో మోనూ గోయత్ అదే సీజన్లో 190కి పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడన్నది ఎక్కువమందికి గుర్తుండదు. పర్‌దీప్ అన్నిసార్లు కూతకు వెళ్లగలగడానికి, బయట ఎక్కువసేపు కూర్చోనక్కర్లేకపోవడం కూడా ఒక కారణమని నేననుకుంటాను.

2019 సెమీఫైనల్‌కీ ఫైనల్‌కీ బెంగాల్ వారియర్స్ కెప్టెన్ మణీందర్ సింగ్ గాయం వల్ల ఆడలేదు. ప్రధాన రైడర్ లేకుండానే ఆ జట్టు దబంగ్ ఢిల్లీని 39–34తో ఓడించి టైటిల్ గెలిచింది. ఆ రోజు ఇరాన్ ఆల్‌రౌండర్ మొహమ్మద్ నబీబక్ష్, సుకేశ్ హెగ్డే కలిసి ఆ లోటు పూడ్చారు. 2022లో తమిళ్ తలైవాస్‌కి అంతకంటే గట్టి దెబ్బే తగిలింది. భారీ ధరకు తెచ్చుకున్న పవన్ సెహ్రావత్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. అప్పుడు అదే తన మొదటి సీజన్ అయిన నరేందర్ 243 రైడ్ పాయింట్లు తెచ్చి జట్టును సెమీఫైనల్ దాకా నడిపించాడు.

మనవాళ్లంతా అభిమానించే తెలుగు టైటాన్స్ కథ దీనికి విరుద్ధం. ఆ మరుసటి సీజన్‌కి అదే పవన్‌ని రూ. 2.605 కోట్లకు కొనుక్కున్నా, 22 మ్యాచ్‌ల్లో టైటాన్స్ గెలిచినవి రెండే. పవన్ ఆడలేదని ఎవరూ అనలేరు. అతను బయట కూర్చున్న నిమిషాలే ఆ జట్టును ముంచాయన్నది నా అంచనా.

పోటీని ఎలా నడపాలి

ఒకే రోజు ఎంపిక పెట్టి తేల్చేయడం మీద నాకు నమ్మకం లేదు. ఆ రోజు జ్వరంతో వచ్చినవాడు ఉంటాడు, ఆ రోజే అదృష్టం కలిసివచ్చినవాడూ ఉంటాడు. మూడు వారాల పాటు, వారానికి రెండు ప్రాక్టీసు మ్యాచ్‌లు పెట్టి, ఎంత లేదన్నా ప్రతి రైడర్ ఖాతాలో ఓ యాభై కూతలు చేరాకే వరుస రాయండి. మీ దగ్గరున్న మంచి కార్నర్‌ని ప్రతిసారీ ఒకే జట్టులో ఉంచితే అతని ఎదుట ఆడే రైడర్లకు అన్యాయం జరుగుతుంది కాబట్టి డిఫెండర్లను మ్యాచ్ మ్యాచ్‌కీ అటూ ఇటూ మార్చాలి. సాయంత్రం ప్రాక్టీసు చివర్లో, అందరూ అలిసిపోయాక, తలా మూడు కూతలు చేయించి వాటిని విడిగా రాయండి. అంతర్ కళాశాల పోటీల్లో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఆడవలసి రావడం మామూలే. రెండో మ్యాచ్‌లో మీ రైడర్ ఎలా ఉంటాడో ఆ మూడు కూతలే ముందుగా చూపిస్తాయి.

మన కాలేజీల్లో ఎక్కువ మట్టి కోర్టులే. పోటీ మ్యాట్ మీద జరిగేటట్టయితే కనీసం రెండు మూడు రోజులు మ్యాట్ ఉన్న చోట ఆడించకుండా వరుస ఖాయం చేయకండి. మట్టి మీద ఉత్త కాళ్లతో జారుతూ తప్పించుకోవడానికి అలవాటుపడ్డవాడు మ్యాట్ మీద బూట్లు పట్టేసేసరికి తడబడతాడు. మోకాళ్లు దెబ్బతినేది కూడా చాలావరకు ఈ మార్పులోనే.

హాజరు విషయంలో కాస్త చూసీ చూడనట్టు పోవాలి. గోపాల్‌పూర్ చుట్టుపక్కల మన తెలుగు మత్స్యకార కుటుంబాల నుంచి వచ్చే కుర్రాళ్లలో తెల్లవారుజామున ఇంటివాళ్లతో కలిసి వల పని చూసుకుని కాలేజీకి వచ్చేవాళ్లు ఉంటారు. ఉదయం ఐదున్నర ప్రాక్టీసుకు రాలేదని అలాంటివాణ్ని వరుసలో కిందికి దించడం న్యాయం కాదు, తెలివైన పని కూడా కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ కుటుంబాల్లో మరపడవల మీద ఆధారపడ్డవాళ్లకు తీరిక దొరికేది అప్పుడే. అప్పటికి మన కాలేజీలకు సెలవులు వచ్చేస్తాయి. కాబట్టి అలాంటి కుర్రాళ్ల కోసం సాయంత్రం ప్రాక్టీసునే లెక్కలోకి తీసుకోవడం ఒక్కటే దారి.

ఇంకొక సమస్య ఎంపికదారుల వల్ల వస్తుంది. విశ్వవిద్యాలయ జట్టుకు ఆటగాళ్లను అంతర్ కళాశాల పోటీల్లో చూసే పిలుస్తారు కాబట్టి, ప్రతి రైడరూ తన పేరు మీద పాయింట్లు ఎక్కువ కనిపించాలని కోరుకుంటాడు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో బరంపురం విశ్వవిద్యాలయం తూర్పు మండలంలో ఆడుతుంది, సరిహద్దుకు అటువైపు శ్రీకాకుళం జిల్లా కాలేజీల కుర్రాళ్లు వాళ్ల విశ్వవిద్యాలయం తరఫున దక్షిణ మండలంలో ఆడతారు. పాతపట్నంలో చదివే అన్నా, పర్లాకిమిడిలో చదివే తమ్ముడూ సంక్రాంతి పోటీల్లో ఒకే ఊరి జట్టుకు ఆడి, ఆ తరువాత రెండు మండలాలకు విడిపోవడం ఇక్కడ వింతేమీ కాదు. మండల పోటీల దాకా వెళ్లాలన్న ఆశ మంచిదే. ఆ ఆశతో రెండో రైడర్ తన పని వదిలేసి బోనస్‌ల వెంట పడితే మాత్రం జట్టు మునుగుతుంది. దీనికి విరుగుడుగా, మీ నోటు పుస్తకంలోని లెక్కను, ఎవరి కూత వల్ల ఎంతమంది లోపలికి వచ్చారన్న వివరంతో సహా, మీరే ఎంపికదారుల చేతికి ఇవ్వండి. అలా ఇస్తారని కుర్రాళ్లకు ముందే తెలిసి ఉంటే వాళ్లే తమ ఆట సర్దుకుంటారు.

వరుసను ప్రకటించడం

బరంపురం జట్లలో తెలుగు కుర్రాళ్లూ ఒడియా కుర్రాళ్లూ కలిసే ఉంటారు. కెప్టెన్ తెలుగువాడైతే ఎంపిక మాటలు సహజంగానే తెలుగులో సాగిపోతాయి, అవతల కూర్చున్న ఒడియా రైడర్‌కి తన గురించి ఏమనుకుంటున్నారో తెలియదు. కెప్టెన్ ఒడియావాడైతే ఇదే ఇబ్బంది అటునుంచి ఇటు వస్తుంది. రైడర్ల మధ్య పోటీ ఉన్నప్పుడు ఇలాంటి చిన్న అనుమానమే పెద్ద కక్షకు దారితీస్తుంది. కాబట్టి వరుస గురించిన మాట ఏదైనా అందరి ముందూ, రెండు భాషల్లోనూ చెప్పాలి. బోర్డు మీద జాబితా ఒడియాలో రాస్తే చాలు; మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవాళ్లే.

జాబితాలో పేర్లు మాత్రమే రాయకుండా, పేరు పక్కన పని కూడా రాయండి. ఒకరి పక్కన “మొదటి రైడర్”, ఇంకొకరి పక్కన “మొదటివాడు బయట ఉన్నప్పుడు”, మరొకరి పక్కన “డూ ఆర్ డై”, ఐదోవాడి పక్కన “కుడి పక్క రైడర్ అలిసినప్పుడు” అని ఉంటే, తాను నాలుగోవాడినో ఐదోవాడినో అన్న చిన్నతనం తగ్గుతుంది, ఏ పనికి సిద్ధపడాలో తెలుస్తుంది. అయినా అడిగేవాళ్లు అడుగుతారు.

“సార్, వాడి కంటే నాకే పాయింట్లు ఎక్కువ కదా?”

“బోనస్‌లు తీసేసి ఎన్ని వచ్చాయో చెప్పు బాబూ.”

ఈ జవాబు పుస్తకం తెరిచి, ఆ పేజీ చూపిస్తూ ఇవ్వాలి. పుస్తకం లేకుండా ఇస్తే అది ఎగతాళిలా వినిపిస్తుంది. బెంచీకి వెళ్లినవాడికి ఈ మాట నలుగురి ముందు కాకుండా విడిగా, జాబితా బోర్డు మీదికి ఎక్కకముందే చెప్పాలి. ఏ పరిస్థితిలో అతని లెక్క తగ్గిందో, రెండు వారాల్లో ఏం మారితే వరుస మళ్లీ చూస్తారో కూడా అప్పుడే చెప్పేయాలి.

పోటీ గట్టిగా ఉన్నప్పుడు రైడర్లు గాయాలు దాచిపెడతారు. చీలమండ బెణికినవాడు పట్టీ కట్టుకుని, సాక్సు పైకి లాగి, ఏమీ కాలేదంటాడు. తన స్థానం పక్కవాడికి పోతుందన్న భయమే దానికి కారణం. గాయం చెప్పినవాడి స్థానం అతను తిరిగి వచ్చేదాకా అతనిదేనని, కోలుకున్నాక రెండు ప్రాక్టీసు మ్యాచ్‌ల్లో తన లెక్క నిలబెట్టుకుంటే చాలని మొదటి రోజే అందరికీ చెప్పండి. దాచిపెట్టి ఆడినవాడికి ఆ హామీ వర్తించదని కూడా చెప్పండి. ఈ మధ్యలో పక్కవాడు నిజంగానే మించిపోతే ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్నే. నా మటుకు నేను మాట నిలబెట్టుకోవడానికే మొగ్గు చూపుతాను, ఎందుకంటే ఒక్కసారి మాట తప్పితే ఆ తరువాత ఎవడూ గాయం చెప్పడు.

మ్యాచ్ రోజున

మేనేజర్ల సమావేశంలో అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ పోటీలో డూ ఆర్ డై నిబంధన ఉందా అని. ఉంటే, వరుసగా రెండు ఖాళీ కూతల తరువాత వచ్చే మూడో కూతలో పాయింటు తేకపోతే రైడర్ అవుట్, ఎదుటివాళ్లకు ఒక పాయింటు. ఆ మూడో కూతకు ప్రధాన రైడర్‌ని పంపడం దుబారా. దానికని ముందే ఒకణ్ని తయారుచేసుకోవాలి. అతను అవుటైనా జట్టు నడక ఆగకూడదు, కాబట్టి అది మూడో రైడర్ పని. మొదటి రెండు ఖాళీ కూతలనూ ప్రధాన రైడర్ చేత ఊపిరి పీల్చుకునే కూతలుగా వాడించి, మూడోదాన్ని ఇతనికి వదలడం చాలా జట్లు చేసే పనే, మంచి పనే.

పొద్దుట మ్యాచ్‌లో పది పాయింట్లకు పైగా ఆధిక్యం వస్తే, టైమవుట్ తీసుకుని ప్రధాన రైడర్‌ని కూర్చోబెట్టి నాలుగోవాణ్ని దించండి. అతను కోర్టులో ఉండగానే ఈ పని చేయాలి, అవుటయ్యాక చేద్దామంటే కుదరదు. నాలుగోవాడికి నిజమైన మ్యాచ్‌లో కూతలు దొరికే సందర్భం ఏడాదికి ఇలాంటిది ఒకటో రెండో వస్తుంది.

కోర్టులో ఇద్దరే మిగిలి, ప్రధాన రైడర్ వంతు రావడానికి ఇంకా నలుగురో ఐదుగురో అవుట్ కావలసి ఉంటే, ఆలౌట్‌ని సాగదీయడం కంటే త్వరగా ముగియనివ్వడమే మేలైన సందర్భాలు ఉంటాయి. ఆలౌట్ వల్ల ఎదుటివాళ్లకు రెండు పాయింట్లు అదనంగా పోతాయి గాని, ఏడుగురూ ఒక్కసారిగా లోపలికి వస్తారు. మొదటి భాగంలో ఇది పనికివస్తుంది, ఆఖరి ఐదు నిమిషాల్లో మాత్రం ఎప్పుడూ చేయకండి. ఈ నిర్ణయం బయటినుంచి అరిచి చెప్పేది కాదు. మిగిలిన ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి.

పోటీలు అయిపోయాక నోటు పుస్తకాన్ని అలమరాలో పడేయకండి. ఐదుగురు రైడర్లలో ప్లస్ త్రీ ఆఖరి ఏడాదివాళ్లు ఎంతమందో చూసుకోండి. ముగ్గురుంటే వచ్చే ఏడాది మీ జట్టులో వరుస లేనట్టే. అందుకని ఐదో స్థానాన్ని ఎప్పుడూ మొదటి ఏడాది కుర్రాడికే కేటాయించండి, ఆ ఏడాది అతని కంటే కాస్త మెరుగైన సీనియర్ ఉన్నా సరే. పుస్తకాన్ని కొత్త కెప్టెన్‌కి ఇచ్చేటప్పుడు, వెళ్లిపోతున్న రెండో రైడర్‌ని కూడా పక్కన కూర్చోబెట్టి, నలుగురి మీదా ముగ్గురి మీదా అతను తెచ్చిన ఒక్కో టచ్ ఎలా వచ్చిందో చెప్పించి, ఆ వరుసల పక్కనే రాయించండి.